పరీక్ష కేంద్రంలో పసిబిడ్డకూ ఒక గది కావాలి

జనగామలో ఒక బియ్యం మిల్లులో లెక్కలు రాస్తాను. దూరవిద్యలో ఎంకామ్ చదువుతున్నాను. బాబు యూకేజీ, పాపకు రెండేళ్లు. పిల్లల్ని పెంచుకుంటూ చదివే ఆడవాళ్ల ప్రస్తావన వస్తే చాలు, పట్టుదల, ఓర్పు అంటూ మెచ్చుకుంటారు. నాకు ఆ మెచ్చుకోలు కంటే గంటల లెక్క ముఖ్యం. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. ఏడాదికి 40 క్రెడిట్లున్న పీజీ అంటే 1,200 గంటలు. ఆదివారాలు, పండగలు, పిల్లలకు జ్వరాలొచ్చిన రోజులు కూడా కలుపుకుంటే రోజుకు మూడుంబావు గంటలు దాటుతుంది. పాఠాలు వినడం, పుస్తకాలు చదవడం, అసైన్‌మెంట్లు చేత్తో రాయడం అన్నీ అందులోనే.

ఆ మూడుంబావు గంటలు ఎక్కడినుంచి తేవాలి? 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా కాల వినియోగ సర్వే చేయించింది. ఇంటి పనులు చేసే ఆడవాళ్లు వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారని, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని అందులో తేలింది. పిల్లల్ని చూసుకునే సమయం ఈ 299లో లేదు, దాన్ని వేరే లెక్కగట్టారు. దాని మీద ఉద్యోగం. ఇవన్నీ పోగా మిగిలేది నిద్ర. నాలాంటివాళ్లం చదువుకునేది ఆ నిద్రలోంచి కోసుకున్న గంటల్లోనే.

నేను నాలుగింటికి లేస్తాను. లేస్తానే గానీ మంచం దిగలేను. పక్కన నేను లేనని తెలిస్తే పాప వెంటనే లేచి కూర్చుంటుంది. అందుకే గోడకు ఆనుకుని, చిన్న లైటు పెట్టుకుని, కొంగు చివర దాని పిడికిట్లో ఉంచి చదువుతాను. థియరీ పేపర్లు అలా ముక్కలు ముక్కలుగా చదివినా ఫరవాలేదు. బిజినెస్ ఎన్విరాన్‌మెంట్‌లో రెండు పేజీలు చదివి, పాపను జోకొట్టి, మళ్లీ మూడో పేజీ అందుకోవచ్చు. లెక్కల పేపరు అట్లా కుదరదు. ప్రాసెస్ కాస్టింగ్‌లో ఒక పెద్ద లెక్కకు ముప్పావు గంట పడుతుంది. మొదటి ప్రాసెస్‌లో అసాధారణ నష్టం విలువ తేల్చి పక్కన పెట్టి, మిగిలిన సరుకు విలువను రెండో ప్రాసెస్‌కు తీసుకెళ్లే దగ్గర పాప ఏడిస్తే పెన్ను కింద పెట్టాల్సిందే. తిరిగి వచ్చేసరికి ఏ అంకె ఎందుకు వేశానో గుర్తుండదు. మళ్లీ మొదటినుంచి చేయాలి. ఎన్ని గంటలు కూర్చున్నామన్నది ఒక లెక్క. ఆ గంటలు తెగకుండా దొరికాయా అన్నది అసలు లెక్క. పిల్లలున్న ఇంట్లో తెగని ముప్పావు గంట దొరకడం ఎంత కష్టమో చదువుకునే తల్లికి తెలుస్తుంది, పాఠ్యప్రణాళిక రాసేవాళ్లకు తెలియాలి.

వీడియో పాఠాలది ఇంకో తిప్పలు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. అది వెలిగిందంటే బాబు వచ్చి ఒళ్లో కూర్చుంటాడు, వాడికి కార్టూన్ కావాలి. రాత్రి పాఠం డౌన్‌లోడ్ చేసుకుని, పొద్దున గిన్నెలు తోముతూ ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటాను. రెండో చెవి పిల్లల కోసం. బోర్డు మీద సారు వేసిన పట్టిక మాత్రం వింటే అర్థం కాదు.

మా ఆయన ఆర్టీసీ డ్రైవరు. నైటౌట్ డ్యూటీ లేని రోజు పిల్లల స్నానాలు, అన్నం తినిపించడం ఆయన పని. "మొగోడు పిల్లలకు నీళ్లు పోసుడేంది" అని వాడకట్టులో కొన్నాళ్లు అన్నారు. ఆయన పట్టించుకోలేదు. నా చదువుకు జరిగిన సాయాల్లో దాన్ని మించినది లేదు. కాలేజీ అప్లికేషన్ నింపే ముందే భార్యాభర్తలు కూర్చుని, ఎవరు ఏ పూట ఏ పని చేస్తారో తేల్చుకోవాలని నా అభిప్రాయం. సర్దుకుపోదామని వదిలేస్తే ఆ సర్దుకునేది ఎప్పుడూ చదివే ఆమే అవుతుంది.

ఇంట్లో సంగతి ఇంట్లోవాళ్లం చూసుకుంటాం. విశ్వవిద్యాలయాలు చూసుకోవాల్సిన సంగతి ఒకటుంది. దాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

కౌన్సెలింగ్ తరగతులు ఆదివారం జరుగుతాయి. ఉద్యోగస్తులకు సెలవుండే రోజు కాబట్టి ఆ ఏర్పాటు న్యాయమే. అంగన్‌వాడీకి కూడా ఆదివారం సెలవే. పైగా అంగన్‌వాడీలో కూర్చోబెట్టి ఆటపాటలు చెప్పేది మూడేళ్లు నిండినవాళ్లకు. అంతకంటే చిన్నవాళ్లకు సరుకులు ఇంటికిస్తారు. పాల్నా పేరుతో అంగన్‌వాడీ కేంద్రాల్లోనే క్రెష్‌లు నడిపే కేంద్ర పథకం ఉన్నా మా వీధి దాకా ఇంకా రాలేదు. పరీక్ష ఇంకో జిల్లాలో పడితే అది మరో ప్రయాణం.

పాపకు ఎనిమిది నెలలున్నప్పుడు పరీక్షలు వచ్చాయి. నాకు హనుమకొండలో కేంద్రం పడింది. అత్తమ్మను వెంట తీసుకుపోయాను. ఆమెకు మోకాళ్ల నొప్పులు. గేటు దగ్గర వాచ్‌మన్ "హాల్ టికెట్ ఉన్నోళ్లే లోపటికి పోవాలె పెద్దమ్మా" అన్నాడు. అతని తప్పు లేదు, అతనికి చెప్పిన మాట అది. ఎదురుగా జిరాక్స్ షాపు అరుగు మీద కూర్చుంది అత్తమ్మ, పాపను ఒళ్లో వేసుకుని.

పరీక్ష మూడు గంటలు. గంటన్నర దాటేసరికి నాకు పాలు చేపుకొచ్చాయి. రొమ్ములు బరువెక్కి సలపరం పెట్టాయి, జాకెట్ తడిసింది. కొంగు నిండా కప్పుకుని, మోచెయ్యి ఛాతీకి అదిమి పెట్టుకుని రాస్తున్నాను. బయట ఏడ్చే పిల్ల ఎవరిదైనా నా పిల్లేమో అనిపించేది. ఇన్విజిలేటర్ మేడం అడిషనల్ షీటు ఇవ్వడానికి వచ్చి నా వాలకం చూసింది.

"ఎన్ని నెలలమ్మా?"

"ఎనిమిది, మేడం."

"నేను బీఈడీ పరీక్షలు ఇట్లనే రాసిన" అని నా భుజం మీద చెయ్యి వేసి వెళ్లింది.

ఆమె మనసున్న మనిషి. నన్ను పది నిమిషాలు బయటికి పంపే అధికారం మాత్రం ఆమెకు లేదు. బయటికి పోతే మళ్లీ లోపలికి రానివ్వరు. ఆమె బీఈడీ రాసిన కాలానికీ నేను ఎంకామ్ రాస్తున్న కాలానికీ మధ్య హాల్ టికెట్లు ఆన్‌లైన్‌లోకి వచ్చాయి, హాళ్లలో సీసీ కెమెరాలు వచ్చాయి. పాలిచ్చే తల్లికి పది నిమిషాలు మాత్రం రాలేదు.

2018లో మహబూబ్‌నగర్‌లో ఒక పరీక్ష కేంద్రం బయట, తల్లి లోపల పరీక్ష రాస్తుంటే ఏడుస్తున్న పసిబిడ్డను హెడ్ కానిస్టేబుల్ ఒకరు ఎత్తుకుని సముదాయిస్తున్న ఫొటో దేశమంతా తిరిగింది. అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. నేనూ చేతులెత్తి దండం పెట్టాను. ఆ ఫొటో చూసినవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. ఆ పూట ఆయన అక్కడ లేకపోతే ఆ బిడ్డ ఏమయ్యేది? ఒకరి మంచితనం మీద ఆధారపడి పరీక్షలు నడపకూడదు.

ఉద్యోగం చేసే తల్లి విషయంలో చట్టానికి ఈ తెలివి వచ్చింది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మందీ ఆపైన ఉద్యోగులున్న ప్రతిచోటా క్రెష్ ఉండాలన్నారు, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డ దగ్గరికి వెళ్లొచ్చన్నారు. ఒక్క పరీక్ష కేంద్రంలో ఒక పూట అంతకు ఎన్నో రెట్ల మంది కూర్చుంటారు. పరిశోధన చేసే మహిళలకు 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వాలని యూజీసీ నిబంధన పెట్టింది. 2021 డిసెంబరులో డిగ్రీ, పీజీ విద్యార్థినులకూ హాజరు విషయంలో వెసులుబాటు కల్పిస్తూ నియమాలు రాసుకోమని విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. మంచిదే. దూరవిద్యలో మా ఇబ్బంది హాజరుతో కాదు. ఆ మూడు గంటలతో. పరీక్ష తప్పితే మళ్లీ విడత దాకా ఆగాలి, మళ్లీ ఫీజు కట్టాలి.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. కేంద్రాలుగా ఉన్న డిగ్రీ కాలేజీల్లో పరీక్షల పూట, ఆదివారాల పూట వాడని తరగతి గది ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అందులో రెండు చాపలు పరిచి, తాగే నీళ్లు, ఫ్యాను, ఊయల కట్టుకోవడానికి ఒక కొక్కెం ఉండేట్టు చూడాలి. బిడ్డతో వచ్చిన అత్తమ్మనో అమ్మనో ఆ గదిలో కూర్చోనిచ్చే పాసు హాల్ టికెట్‌తో పాటే ఇవ్వాలి. అప్లికేషన్‌లో దివ్యాంగుల వివరాలకు గడి ఉన్నట్టే, రెండేళ్లలోపు బిడ్డ ఉందా అని ఇంకో గడి పెడితే ఎన్ని గదులు కావాలో ముందే తెలుస్తుంది. పాలిచ్చే తల్లిని మధ్యలో ఒకసారి మహిళా ఇన్విజిలేటర్ తోడుతో పంపి, ఆ సమయాన్ని చివర్లో కలపాలి. కాపీ కొడతారని భయపడేవాళ్లకు ఒక మాట. దివ్యాంగులకు గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇచ్చే మార్గదర్శకాలు, పక్కన కూర్చుని రాసిపెట్టే సహాయకులు ఎప్పటినుంచో ఉన్నారు. వాటికి కాపలా కాయగలిగిన వ్యవస్థ పాలిచ్చే పది నిమిషాలకు కాపలా కాయలేదా?

చదివే తల్లులతోనూ ఒక మాట. రెండేళ్ల పీజీకి రెట్టింపు గడువు ఉంటుంది, నాలుగేళ్లలో పూర్తి చేయొచ్చు. పట్టాలో ఏ తేడా ఉండదు. దూరవిద్య పట్టా రెగ్యులర్ పట్టాతో సమానమని యూజీసీ 2022లో మరోసారి స్పష్టం చేసింది కూడా. పిల్లలు మరీ చిన్నవాళ్లైతే ఒక్కో విడతకు సగం పేపర్లే రాయండి. లెక్కల పేపర్లు రెండు ఒకే విడతలో పెట్టుకోకండి. నేను ఇప్పుడు అట్లాగే రాస్తున్నాను. అయితే మేం ఫీజు ఏడాది లెక్కన కడుతున్నాం. రాసే పేపర్ల లెక్కన కట్టే వీలుంటే సగం చదువుకు సగం ఫీజే అవుతుంది. అది విశ్వవిద్యాలయాల చేతిలో పని.

దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లోనే పుట్టింది. తర్వాత అంబేడ్కర్ పేరు పెట్టుకున్నది అదే. దానికి మొదటి వైస్ చాన్స్‌లర్‌గా ఉన్న ప్రొఫెసర్ జి. రాంరెడ్డే 1985లో పెట్టిన ఇగ్నోకూ మొదటి వైస్ చాన్స్‌లర్ అయ్యారు. బడి మధ్యలో ఆగిపోయినవాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి అప్పుడే తెరిచారు. ఊళ్లో ఉండి, పని చేసుకుంటూ, ఇల్లు నడుపుకుంటూ చదవొచ్చని దేశానికి చూపించిన నేల ఇది. బిడ్డను ఎత్తుకుని పరీక్షకు వచ్చే తల్లికి గది ఇవ్వడంలో కూడా మన రాష్ట్రాలే ముందుండాలి.

పరీక్ష కేంద్రాలుగా ఉన్న కాలేజీల ప్రిన్సిపాళ్లకు నా విన్నపం. పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగకండి. వచ్చే పరీక్షల మొదటి రోజే గేటుకు దగ్గరగా ఉన్న ఒక గది తాళం తీయించండి, ఆ సంగతి వాచ్‌మన్‌కు చెప్పండి.