పగ చల్లారిన తరువాత

మా బోథ్‌కు చుట్టాలు వస్తే పొచ్చెర చూపిస్తాం, కుంటాల చూపిస్తాం. వాళ్లు జలపాతం చూసి, సద్దిమూట విప్పుకొని తిని, ఫోటోలు తీసికొని వెళ్లిపోతారు. ఈ కొండల్లో మనుషులున్నారనీ, వాళ్లకొక కథ వున్నదనీ అడిగేవారు అరుదు. అలా అడిగినవారి చేతిలో నేను పెట్టే పుస్తకం ఒకటి వుంది. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన "కొమురం భీం" నవల.

మొన్న పక్కింటామె దాన్ని తీసికొనిపోయి, సగం చదివి వచ్చింది. "అక్కా, ఇందుల నాయకుడే మనిషిని చంపిండు గదా! పిల్లల చేతికి ఎట్ల ఇస్తం?" అన్నది.

తల్లి అయినవారు అడగవలసిన ప్రశ్నే ఇది. నవ్వి కొట్టివేయదగింది కాదు.

ఉట్నూరు దాటి తూర్పుగా పోతే కెరమెరి కొండలు వస్తాయి. భీం కథ అక్కడిది. ప్రధానులు కిక్రి వాయిస్తూ వీరగాథలు పాడితే వింటూ పెరిగే గోండుల నోళ్లలో అది కూడా ఒక గాథగా నిలిచిపోయింది. తండ్రి పోయాక భీం కుటుంబం సర్దాపూర్ చేరి సేద్యం చేసుకున్నది. పంట చేతికి వచ్చే వేళకు సిద్దిఖీ అనే ఆసామి ఆ నేల నాదన్నాడు. ఆ కొట్లాటలో అతడు భీం చేతిలో చనిపోయాడు. భీం అడవి విడిచి పారిపోయాడు. బల్లార్షా, చాందా, ఆపైన అస్సాం తేయాకు తోటలు. కొన్నేళ్లకు తిరిగి వచ్చాడు.

పగ కథ అయితే, వచ్చినవాడు మరొకరి మీద కత్తి ఎత్తాలి. భీం ముందు అడిగింది అది కాదు. పన్నెండు ఊళ్లకు తమ నేల మీద, అడవి మీద, నీళ్ల మీద తమకు అధికారం కావాలన్నాడు. సర్కారు ఒప్పుకోలేదు. 1940లో జోడేఘాట్ దగ్గర పోలీసు కాల్పుల్లో ఆయన నేలకొరిగాడు. నేటికీ ఆదివాసులు ఆయన వర్ధంతిని ఆశ్వయుజ పున్నమినాడు జరుపుకొంటారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో మళ్లీ గోండుల మీద తూటాలు పేలాయి. ఈ నవల ఆ దశాబ్దంలోనే వచ్చింది.

ఇటువంటి ప్రశ్నతోనే ఎక్కడో ఫిలిప్పీన్స్ దీవుల్లో హొసే రిసాల్ 1891లో "ఎల్ ఫిలిబుస్టెరిస్మో" నవల ప్రచురించాడు. గుహలో సంకెళ్లతో పడివున్న రాజు బెర్నార్డో కార్పియో ఏనాటికైనా విడిపించుకొని వస్తాడని అక్కడి పల్లెల్లో ఒక నమ్మకం. ఆ గాథను రిసాల్ ఒక బండివాడి నోట పలికిస్తాడు. కథానాయకుడు సిమూన్ మాత్రం సంకెళ్ల రాజు కోసం ఆగడు. నగల వర్తకుడి వేషంలో తిరిగివచ్చి, పెళ్లి విందుకు బాంబు దాచిన దీపం కానుకగా పంపుతాడు. ఆ పెళ్లికూతుర్ని ప్రేమించి పోగొట్టుకున్న యువకుడు ఇసగానీ సంగతి తెలిసి, ఆ దీపాన్ని లాగి నదిలో పారవేస్తాడు. మనసు విరిగినవాడే వాళ్లందరి ప్రాణాలూ కాపాడాడు! చివరకు సిమూన్ విషం మింగి చనిపోతాడు. తాను రాసిన పుస్తకాలకు రిసాల్ కూడా ప్రాణంతోనే మూల్యం చెల్లించాడు. 1896లో స్పెయిన్ ప్రభుత్వం ఆయనను కాల్చి చంపింది.

మన భాగవతం ఈ మాట ఎప్పుడో చెప్పింది. నిద్రలో వున్న అయిదుగురు కొడుకులను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చాడు. చంపమన్నది భీముడు. వదలమన్నది కన్నతల్లి ద్రౌపది. తనలాగే మరో తల్లి ఏడవకూడదన్నది. ఆ మాట సభలో ఇంకెవరన్నా అంటే వినసొంపుగా వుండేదేమో కాని, బరువు వుండేది కాదు. క్షమించే హక్కు పోగొట్టుకున్నవారిది. నష్టపోనివాళ్లు చెప్పే క్షమ ఊరికే నీతిబోధ.

భీం మరణం తరువాత నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పిలిపించింది. ఆయన మార్లవాయిలో వుండి గోండుల బాధలు రాశాడు. తరువాత కొంత భూమికి పట్టాలిచ్చారు. చాలామంది దాన్ని దయ అంటారు. నాకు ఆ మాట మింగుడుపడదు. దున్నుకొనే నేలను దున్నేవాడికి రాసి ఇవ్వడం బాకీ తీర్చడమే. బాకీ తీర్చి, దానం చేశామనుకోవడం మనకున్న పాత అలవాటు. జీతం ఇచ్చేటప్పుడు పనిమనిషి ముందు మనం పెట్టే ముఖం ఒకసారి గుర్తు చేసుకోండి!

కనుక పిల్లలకు ఈ నవల తప్పక ఇవ్వండి. హత్య దగ్గర పుస్తకం మూసెయ్యనివ్వకండి. చంపి పారిపోయినవాడు ఊళ్ల కోసం తిరిగి వచ్చేదాకా చదవమనండి. ఆ తరువాత పక్కన కూర్చోబెట్టుకొని ఒక్కటే అడగండి: పంట పండించినవాడికి పంట దక్కివుంటే, అసలు ఈ కథలో పగ వుండేదా?