కడియం తగ్గించిన బీపీ

అమలాపురం గడియార స్తంభం దగ్గర బస్సు దిగి, ఎండలో నడిచొచ్చి, మందుల షాపులో బీపీ చూపించుకుంది మా మేనత్త. 168/96. మర్నాడే ఎవరో చెప్పారని చేతికి రాగి కడియం తొడిగింది. వారం తిరిగాక ఇంట్లో చూస్తే 142/86. "చూశావురా, కడియం పట్టింది" అంది. ఆ ధైర్యంతో రోజూ వేసుకునే మాత్ర మానేసింది.

అత్తయ్య అబద్ధం చెప్పలేదు, అంకె నిజంగానే తగ్గింది. కానీ షాపులో ఎలా చూశారు? కాసేపైనా కూర్చోనివ్వకుండా, జాకెట్టు చేతి మీదే పట్టీ చుట్టి, చెయ్యి కిందికి వేలాడుతుండగా. పైగా ఆవిడ కొబ్బరికాయల ధర గురించి మాట్లాడుతూనే ఉంది. వీటిలో ఏ ఒక్కటైనా అంకెను పెంచగలదు. బాగా ఎక్కువ వచ్చిన అంకె, మళ్లీ కొలిస్తే చాలాసార్లు దానంతటదే దిగుతుంది. మనం కడియాలూ తాయెత్తులూ కట్టుకునేది సరిగ్గా ఎక్కువ వచ్చిన రోజునే. అందుకే ఏది కట్టుకున్నా గుణం ఇచ్చినట్టే కనిపిస్తుంది.

పై అంకె గుండె ముడుచుకున్నప్పటి ఒత్తిడి, కింది అంకె వదులైనప్పటిది. పట్టీలో గాలి తీస్తుంటే చప్పుడు మొదలైన చోట ఒకటి, ఆగిపోయిన చోట రెండోది. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ చెప్పిన పద్ధతే ఇది.

కోపమొస్తే "బీపీ పెరిగింది" అనడం మనకి అలవాటు. దాంతో నెమ్మదస్తులకి బీపీ రాదనుకుంటాం. తల తిరగకపోతే లేనట్టే అనుకుంటాం. చాలామందికి ఏ బాధా తెలియదు, నాకు భయం అక్కడే. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఏడాది మరణాలు లెక్కగడితే, దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులవే. మూతి వంకరపోయి చెయ్యి పడిపోయిన మనిషికి గాలి సోకిందని మంత్రం వేయిస్తూ ఆసుపత్రికి చేరాల్సిన గంటలు పోగొట్టుకున్న ఇళ్లు నేను చూశాను.

కడియం తియ్యమని అత్తయ్యతో అనలేదు. ఒక నోటుపుస్తకం ఇచ్చాను. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా, ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. వారం సగటు 152/92. ఇంట్లో 135/85 చేరితేనే ఎక్కువని లెక్క.

పుస్తకం చాలాసేపు చూసింది. "కడియం చేతికే ఉంది కదరా" అంది. కాసేపాగి, డాక్టరు గారు సాయంత్రం ఎన్నింటికి కూర్చుంటారని అడిగింది.