ఊరు పోయినా నిలిచిన పేరు

మనలో చాలామంది తరచుగా దాటిపోయే చాణక్యపురిలోని మాల్చా మార్గ్‌కు ఆ పేరు ఒక వ్యవసాయ గ్రామం నుంచి సంక్రమించినది. 1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో రాజధాని మార్పు ప్రకటన వెలువడినది. పిమ్మట 1894 నాటి భూసేకరణ చట్టం కింద రైసీనా, మాల్చా తదితర గ్రామాల భూములను ప్రభుత్వం సేకరించినది. మాల్చా రైతులు పలువురు నేటి సోనీపత్ జిల్లాలోని హర్సానాకు తరలి, అక్కడ కొత్తగా సేద్యం ఆరంభించారు. మాల్చాలో పుట్టిన పెద్దలు పలువురు అక్కడే కన్నుమూశారు. వారు విడిచిన సీమలో 1931 ఫిబ్రవరి 13న కొత్త ఢిల్లీ ప్రారంభమైనది. వారి స్థావరాన్ని నేటికీ హర్సానా మాల్చా అనే పిలుస్తారు. తమ పూర్వులకు తగిన పరిహారం అందలేదని వారసులు న్యాయస్థానాలను ఆశ్రయించారు. ఉద్యోగరీత్యా స్వగ్రామాలను వీడి వచ్చిన మనకు సెలవులలో వెళ్లడానికి ఊరున్నది. మాల్చా వారికి పేరు మాత్రమే మిగిలినది.