స్వరము మాటదా, వాక్యముదా?

తెలుగువాడు జపాను భాషను నేర్వబూనినచో మొదట నెదురగు భాగము సుకరమే. లఘుగురువుల లెక్కతో పద్యము చదివిన చెవికి, ‘ఒబసన్’ పిన్నియు ‘ఒబాసన్’ మామ్మయు ఒక్క మాత్ర భేదముచే వేరగుట వింత గాదు. కష్టమంతయు తరువాతిది. టోక్యో పలుకుబడిలో ‘హషి’ యను పదమును ఎత్తున నారంభించి దింపినచో అన్నము తిను పుల్లలు, దిగువ నారంభించి ఎత్తినచో వంతెన; అట్లే ఎత్తి పలుకు మరియొక ‘హషి’కి అంచు అని యర్థము. ఈ కడపటి రెండును విడిగా నున్నపుడు ఒక్కటిగనే వినబడును గాని, ‘గ’ యను ప్రత్యయము చేరగానే వంతెన వెనుక స్వరము జారును, అంచు వెనుక జారదు. కావున ఇచ్చట గమనింపవలసినది గొంతు బిగ్గరతనము గాదు, స్వరము ఏ మాత్రకడ దిగునన్నదియే. క్యోటోలోనన్ననో పుల్లలు లేచును, వంతెన దిగును!

మన గుంటూరు, ఒంగోలు సీమల వాడుకలో స్వరము వాక్యముది. మిర్చి యార్డులో “కాయలు వచ్చినయ్” అని చెప్పినను, అడిగినను మాటలవియే. అడుగునపుడు కొస లేచును, అంతియే. అయినను పదమునకే స్వరము కట్టుబడుట ఈ నేలకు క్రొత్త యనరాదు. ఇచ్చటి వైదిక కుటుంబములలో తరతరములుగ వల్లించుచు వచ్చిన తైత్తిరీయ శాఖలో అనుదాత్తమునకు క్రింద అడ్డుగీతయు, స్వరితమునకు మీద నిలువుగీతయు గలవు. ఉదాత్తమునకు గుర్తే లేదు. ‘ఇంద్రశత్రు’ శబ్దము తుదియక్షరము ఉదాత్తమైనచో తత్పురుషము, ఇంద్రుని చంపువాడని యర్థము; మొదటిదైనచో బహువ్రీహి, ఇంద్రుడే తన్ను చంపువాడుగ గలవాడని యర్థము. ఆ యొక్క స్వరము తప్పుటచే ఇంద్రుని చంపవలసిన వృత్రుడు తానే హతుడయ్యెనన్న కథను పతంజలి వ్యాకరణాధ్యయన ప్రయోజనములలో జేర్చెను.

వేదపాఠమునకున్న యిట్టి గుర్తులు జపానువారి లిపికి లేవు; అది పదస్వరమును చూపదు. అందుచేతనే కాబోలు, వారి ప్రసారసంస్థ ఎన్.హెచ్.కె. 1943లోనే స్వరనిఘంటువు నచ్చొత్తించి, పలుమార్లు సంస్కరించి, 2016లో సరిక్రొత్త కూర్పును వెలువరించినది. ఇక మన వంక, ఒంగోలున 1928లో జన్మించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటము రైతు నోటి మాటలను ప్రాంతముల వారీగ గూర్చి మహోపకారము చేసినది. కాని మన సేద్యగాడు “ఏంది” అన్నచో అది ప్రశ్నయో, విస్మయమో, కసరో అచ్చక్షరము చెప్పజాలదు. ధ్వనిముద్రణము ఇంత సులభమైన కాలమున, పత్తి తీయు కూలీల ముచ్చట్లను, యార్డులోని బేరములను, వాక్యస్వరముల గుర్తులతో గూర్చిన సంపుటము నొకదానిని ఈ సీమ విశ్వవిద్యాలయము తలపెట్టవలెను. ఆ పనికి పల్నాటి ‘ఏంది’ యొక్కటియే తొలి యేటికి చాలినంత సామగ్రి.