సంధి - సంశయం

ఒంటరిగా గెలవలేనని తెలిసినప్పుడు మానవుడు మిత్రుణ్ణి వెదుక్కుంటాడు. ఆ మిత్రుడే రేపు తనను మించిపోతాడేమోనన్న శంక కూడా అప్పుడే అతని మనసులో మొలకెత్తుతుంది. రాజ్యాల చరిత్రలో మనం చదివే ఈ సత్యం ఇప్పుడు విద్యార్థుల చేతిలోని సెల్‌ఫోను తెరమీద ప్రతి సాయంకాలం రుజువవుతున్నది.

నాకు తెలిసిన ఇద్దరు మిత్రులున్నారు. ఒకరిది చేవెళ్ల, మరొకరిది మొయినాబాద్. మర్రిచెట్లకు పేరుపొందిన బీజాపూరు రహదారిమీద ఇద్దరూ ఒకే బస్సులో నగరంలోని కళాశాలకు వెళ్లేవారు. చేవెళ్లలో ఎక్కినవాడు మొయినాబాద్‌లో ఎక్కే మిత్రుని కోసం పక్క సీటు ఆపి ఉంచేవాడు. ఒకనాడు ఆ సీటు ఆపలేదు. కారణం ఆస్తి తగాదా కాదు, మార్కుల పోటీ కాదు. ఇంటర్నెట్టులో ఆడిన ఒక ఆట.

ఆ ఆట పేరు 'డిప్లమసీ', అనగా దౌత్యం. అమెరికాకు చెందిన అలన్ కాలమర్ దీనిని 1954లో రూపొందించి, 1959లో ప్రకటించాడు. మొదటి ప్రపంచయుద్ధానికి పూర్వపు ఐరోపా పటమే దీని బల్ల. ఏడుగురు ఆటగాళ్లు ఏడు రాజ్యాలు. పటంమీద ఉన్న 34 కేంద్రాలలో 18 గెలిచినవాడు విజేత. ఇందులో పాచికలు లేవు, అదృష్టానికి తావు లేదు. సేనలన్నింటి బలమూ సమానమే. కనుక మరొక సేన తోడ్పాటు లేనిదే ఎదుటి సేనను తొలగించడం సాధ్యం కాదు. అందువల్ల ఆటగాళ్లు రహస్యంగా మంతనాలు జరిపి మాట ఇచ్చుకుంటారు. పిదప అందరి ఎత్తులూ ఒకేసారి బయటపడతాయి. ఇచ్చిన మాట నిలుపుకోవాలనే నియమం మాత్రం ఆటలో లేదు.

మన మిత్రులలో ఒకడు ఇంగ్లండు, మరొకడు ఫ్రాన్సు. తమ నడుమ ఉన్న ఇంగ్లీషు ఛానల్‌లోకి ఎవరూ నౌకాదళాన్ని పంపరాదని ఒప్పందం చేసుకున్నారు. "మన స్నేహం మీద ఒట్టు" అని ఇంగ్లండు పలికాడు. మూడవనాడు అతని నౌకలు ఛానల్‌లో ప్రత్యక్షమైనాయి. ఫ్రాన్సు ఓడిపోయాడు.

ఈ కథ మనకు కొత్తది కాదు. చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలో మిత్రలాభం పక్కనే మిత్రభేదం ఉన్నది. సింహమైన పింగళకునికీ, ఎద్దు అయిన సంజీవకునికీ మైత్రి కుదిర్చిన దమనకుడే ఆ మైత్రిని చెడగొట్టాడు. ఒకరి చెవిలో ఒకటి, మరొకరి చెవిలో మరొకటి చెప్పాడు. ఆ ఇద్దరూ ఒక్కసారి ఎదురుగా కూర్చుండి మనసు విప్పి మాట్లాడుకొని ఉంటే సంజీవకుడు బ్రతికేవాడు. రహస్య సందేశాలతో నడిచే నేటి ఆటలో దమనకుని పాత్రను ప్రతి ఆటగాడూ ధరించగలడు.

ఈ ఆటను శాస్త్రజ్ఞులు కూడా పరిశీలించారు. ఇంటర్నెట్టులో దీనిని ఆడినవారి సందేశాలను కొందరు పరిశోధకులు 2015లో విశ్లేషించారు. వంచనకు ముందు ఇద్దరి మాటల తీరులో సమతూకం తప్పుతుందని, మర్యాదలో హఠాత్తుగా మార్పు కనబడుతుందని వారు గుర్తించారు. 2022లో మెటా సంస్థ తయారుచేసిన 'సిసిరో' అనే కృత్రిమ మేధ మనుషులతో 40 ఆటలు ఆడి, ఒకటికంటె ఎక్కువ ఆటలు ఆడినవారిలో మొదటి పదిశాతంలో నిలిచింది. దానిని నిజాయితీగా మాట్లాడేటట్లు తీర్చిదిద్దామని నిర్మాతలు చెప్పారు. కాని అది మాట ఇచ్చి తప్పిన సందర్భాలను ఇతర పరిశోధకులు 2024లో ఎత్తిచూపారు. అయితే ఆట ముగిసిన తరువాత ఎవరి ముఖమూ చూడవలసిన అవసరం ఆ యంత్రానికి లేదు. మనిషికి ఉన్నది.

అసలు కీలకం ఇక్కడే ఉన్నది. రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ అనే రాజనీతి శాస్త్రవేత్త సహకారం ఎట్లా పుడుతుందో తెలుసుకోవడానికి కంప్యూటర్ ప్రోగ్రాముల మధ్య పోటీ నిర్వహించాడు. ముందుగా స్నేహహస్తం చాచి, ఆపైన ఎదుటివాడు చేసినట్లే చేసే చిన్న ప్రోగ్రాము అందులో గెలిచింది. మళ్లీ మళ్లీ తారసపడవలసి ఉన్నప్పుడే సహకారం లాభిస్తుందని ఆయన 1984 నాటి తన గ్రంథంలో వివరించాడు. ఈ సంగతి మన రైతులు ఏ పోటీ పెట్టకుండానే ఎరుగుదురు. నాట్లవేళ పొరుగువాని పొలంలో పనిచేసి, ఆ ఋణాన్ని పనితోనే తీర్చుకొనేవారు మాట తప్పరు. ఎందుకనగా వచ్చే ఏడు కూడా గట్టు అదే, పొరుగూ అదే.

ఇటువంటి ఆటలు కపటం నేర్పుతాయి కనుక వాటిని మాన్పించాలని కొందరు పెద్దలు అంటారు. నేను అంగీకరించను. మాటల వెనుక మనసును చదవడం, నమ్మకాన్ని తూచి ఉంచడం, ఓటమిని ఓర్చుకోవడం ఈ ఆట నేర్పే విద్యలు. "ఆటే కదా, ఏం చేసినా తప్పులేదు" అనే యువకుల వాదాన్ని కూడా నేను ఒప్పుకోను. నౌకలను ఛానల్‌లోకి పంపడం తప్పు కాదు, అది ఎత్తు. స్నేహం మీద ఒట్టు పెట్టడం తప్పు. ఆటకు వెలుపల సంపాదించినదాన్ని ఆటలో గెలుపుకోసం కుదువపెట్టడమే అసలైన వంచన.

కనుక విద్యార్థులారా! ఆడండి, ఎత్తుకు పైయెత్తు వేయండి. కాని బల్లమీద ఇచ్చే మాటకు బల్లమీది లాభాన్నే హామీగా చూపండి. సంశయం కలిగితే సూటిగా అడగండి. రాజ్యాలు మరునాటి ఆటలో మళ్లీ లభిస్తాయి. మర్రిచెట్ల నీడలో సాగే బస్సులో మీకోసం ఆపి ఉంచిన ఆ సీటు మాత్రం, ఒకసారి పోగొట్టుకుంటే, అంత సులభంగా తిరిగి దక్కదు.