లెక్కకు రాని కాలేయాలు: కోవిడ్, దీర్ఘకాలిక లివర్ జబ్బు, కులం

కోవిడ్‌ను మనం ఊపిరితిత్తుల జబ్బుగానే గుర్తుపెట్టుకున్నాం. ఆక్సిజన్ సిలిండర్ల కోసం పడిగాపులు, దొరకని వెంటిలేటర్లు, 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆరని చితులు. ఈ జ్ఞాపకంలో కాలేయ రోగులు దాదాపుగా లేరు. కానీ ఆ వైరస్ చేతిలో అందరికంటే ఘోరంగా దెబ్బతిన్న వాళ్లలో సిర్రోసిస్ ముదిరినవాళ్లు ఉన్నారు. బులెటిన్లు వాళ్లను ‘కోమార్బిడిటీ’ అనే ఒక్క మాటలో కలిపేసి ముందుకు సాగాయి. ఆ జబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, దానికి చికిత్స ఎందుకు ఆగింది, చివరికి ఆ చావు ఏ ఖాతాలో పడింది అని అడగడం మొదలుపెడితే ప్రతి మలుపులోనూ కులం ఎదురవుతుంది. ప్రజారోగ్యం చదువుతున్న మనం ఆ ప్రశ్నలను వైద్యులకు వదిలేయకూడదన్నది నా వాదన.

ముందు వైద్యం ఏం చెబుతుందో చూద్దాం. 29 దేశాల వైద్యులు రెండు అంతర్జాతీయ రిజిస్ట్రీలలో నమోదు చేసిన 745 మంది దీర్ఘకాలిక కాలేయ రోగుల వివరాలు 2021లో జర్నల్ ఆఫ్ హెపటాలజీలో వచ్చాయి. అందరూ కోవిడ్ సోకినవాళ్లే. సిర్రోసిస్ లేనివాళ్లలో 8 శాతం చనిపోతే, సిర్రోసిస్ ఉన్నవాళ్లలో 32 శాతం చనిపోయారు. కాలేయం ఎంత చెడిందో కొలిచే చైల్డ్-ప్యూ స్కోరు ప్రకారం చూస్తే ఎ తరగతిలో 19, బి తరగతిలో 35, సి తరగతిలో 51 శాతం మరణాలు. మద్యం వల్ల వచ్చిన కాలేయ జబ్బు విడిగానే మరణ ముప్పును పెంచుతోందని కూడా ఆ పరిశోధన తేల్చింది.

దీనికి కారణాలు శరీరంలోనే ఉన్నాయి. కాలేయం రోగనిరోధక వ్యవస్థకు అవసరమైన ప్రొటీన్లను, రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలను తయారుచేస్తుంది. పేగుల నుంచి వచ్చే బ్యాక్టీరియాను వడకడుతుంది. సిర్రోసిస్‌లో ఈ పనులన్నీ కుంటుపడతాయి. ఒంట్లో వాపు ఎప్పుడూ రగులుతూనే ఉంటుంది, ఇన్ఫెక్షన్‌ను ఎదిరించే శక్తి మాత్రం తగ్గిపోతుంది. అలాంటి ఒంట్లోకి కోవిడ్ వస్తే అంతవరకు నెట్టుకొస్తున్న కాలేయం ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. పొట్టలో నీరు చేరుతుంది, కామెర్లు ముదురుతాయి, మతి తప్పుతుంది, రక్తపు వాంతులవుతాయి. రిజిస్ట్రీలోని సిర్రోసిస్ రోగుల్లో 46 శాతం మందికి కాలేయ పరిస్థితి ఇలా విషమించింది. అలా విషమించిన వాళ్లలో 21 శాతం మందికి దగ్గు, ఆయాసం లాంటి శ్వాస లక్షణాలే లేవు. ఈ చివరి అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఇంతవరకు జీవశాస్త్రం. సిర్రోసిస్ మాత్రం ఆకాశం నుంచి ఊడిపడదు. మన దేశంలో దానికి ప్రధానంగా హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మద్యం, కాలేయంలో చేరే కొవ్వు కారణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో 2.98 కోట్ల మంది హెపటైటిస్ బితో, 55 లక్షల మంది హెపటైటిస్ సితో జీవిస్తున్నారు. హెపటైటిస్ బి టీకా 2002లో కొన్ని ప్రాంతాల్లో మొదలై, దేశమంతటికీ విస్తరించేసరికి 2011 వచ్చింది. అంటే ఈరోజు ఆసుపత్రి వార్డులు ఊడ్చేవాళ్లలో, చెత్తలోంచి సూదులు ఏరేవాళ్లలో, మురుగు కాలువల్లోకి దిగేవాళ్లలో అత్యధికులు చిన్నప్పుడు ఆ టీకా అందని తరం. వాళ్లెవరు? కేంద్రం నమస్తే పథకం కింద నమోదు చేసిన 38 వేల మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో దాదాపు 92 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలేనని 2024లో బయటికొచ్చిన లెక్కలు చెప్పాయి. ఎస్సీలే దాదాపు 69 శాతం. కోవిడ్ కాలంలో వీళ్లకు పూలు చల్లాం, చప్పట్లు కొట్టాం. హెపటైటిస్ బి పరీక్ష చేయించామా, మూడు డోసుల టీకా వేయించామా అని అడిగినవాళ్లు తక్కువ.

మద్యం సంగతికొస్తే మాట మరింత జాగ్రత్తగా మాట్లాడాలి. ఎందుకంటే ఇక్కడ జబ్బుతో పాటు నింద కూడా నడుస్తుంది. బంజారాహిల్స్‌లో ఉండే మనిషికి కాలేయం చెడితే అది ‘లైఫ్‌స్టైల్ డిసీజ్’, వాడలో ఉండే మనిషికి చెడితే ‘తాగి చెడగొట్టుకున్నాడు’. ఫ్యాటీ లివర్ అన్నది మద్యం చుక్క ముట్టనివాళ్లకూ వస్తుందని తెలిసినా, పేదవాడి పచ్చబడ్డ కళ్లను చూడగానే మన నోట వచ్చే మొదటి ప్రశ్న తాగుడు గురించే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మద్యం తాగుతారు. అంతమంది తాగే చోట అది ఏ ఒక్క కులం అలవాటూ కాదు. రాష్ట్రం నడిపే వ్యాపారం అది. లాక్‌డౌన్‌లో మూతపడ్డ మద్యం దుకాణాలు 2020 మే మొదటి వారంలోనే తెరుచుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ ధరలు 75 శాతం పెంచి తెరిచింది. ఆ జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. అమ్మేటప్పుడు ఆదాయం, ఆపేటప్పుడు నైతికత. వ్యసనానికి చికిత్స మాత్రం రెండు వైపులా లేదు.

ఈ సంగతి మన ఆడవాళ్లు ముప్పై ఏళ్ల కిందటే చెప్పారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమానికి ఊపిరి దళిత, బీసీ కూలి మహిళలే. వాళ్లు తమ మగవాళ్లను తిట్టి ఊరుకోలేదు, వేలం పాటలను ఆపమన్నారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997కల్లా ఖజానా పేరు చెప్పి దాన్ని ఎత్తేశారు. కాలేయ జబ్బుకు రాజకీయ అర్థశాస్త్రం ఉందని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం తెలియదు.

జబ్బు ఇలా వస్తే, చికిత్స ఎలా ఆగింది? పొట్టలో నీరు చేరిన రోగి వారం, పది రోజులకొకసారి వచ్చి నీరు తీయించుకోవాలి. అన్నవాహికలో ఉబ్బిన నరాలకు ఎండోస్కోపీతో బ్యాండ్లు వేయించుకోవాలి. హెపటైటిస్ బి మాత్రలు ఆపితే వైరస్ మళ్లీ విజృంభిస్తుంది. ఇవేవీ ఫోన్‌లో అయ్యే పనులు కావు. 2020లో బస్సులు, రైళ్లు ఆగిపోయాయి. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి లాంటి పెద్దాసుపత్రి నెలల తరబడి కోవిడ్‌కే పరిమితమైంది. అత్యవసరంలో ఆ నిర్ణయానికి కారణం ఉండొచ్చు. కానీ దాని భారం ఎవరి మీద పడిందన్నది అసలు ప్రశ్న. కార్పొరేట్ ఆసుపత్రికి పోగలిగినవాడికి గాంధీ ఓపీ మూతపడితే తేడా తెలియదు. ఆ ఓపీ తప్ప మరో దిక్కు లేనివాడికి అదే తీర్పు.

టీకా దగ్గరా ఇదే వరస. 2021 మార్చి 1 నుంచి 45-59 ఏళ్ల వాళ్లలో 20 రకాల జబ్బులున్న వాళ్లకు ముందుగా టీకా అన్నారు. ఆ జాబితాలో కాలేయ మార్పిడి జరిగినవాళ్లు, దానికోసం ఎదురుచూస్తున్నవాళ్లు, డీకంపెన్సేటెడ్ సిర్రోసిస్ ఉన్నవాళ్లు ఉన్నారు. వైద్యుడి సంతకంతో ధ్రువపత్రం తేవాలి. కాగితం మీద న్యాయంగానే ఉంది. అయితే ఆ ధ్రువపత్రం కావాలంటే ముందు జబ్బు బయటపడి ఉండాలి, అందుకు స్కానింగ్, రక్త పరీక్షలు అయి ఉండాలి. కామెర్లొస్తే పసరు మందు వేయించుకుని పనికి పోయే కూలీకి తన కాలేయం ఏ దశలో ఉందో చెప్పేవాళ్లెవరు? తర్వాత 18 ఏళ్లు దాటిన వాళ్లకు తెరిచినప్పుడు కోవిన్‌లో ముందే పేరు నమోదు చేసుకోమన్నారు. కాగితం ఉన్నవాడి తర్వాత ఫోన్ ఉన్నవాడి వంతు వచ్చింది.

మరోపక్క ‘ఇమ్యూనిటీ’ పేరుతో తిప్పతీగ కషాయం ఇంటింటికీ చేరింది. 2020 చివర్లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్న తీరును నమోదు చేశారు. ఆ పరిశోధనను ఆయుష్ మంత్రిత్వ శాఖ తప్పుబట్టింది. తర్వాత పలు ఆసుపత్రుల వైద్యులు కలిసి చేసిన పెద్ద అధ్యయనంలోనూ అలాంటి కేసులే కనిపించాయి. సంప్రదాయం అన్న ఒక్క ముద్రతో మందును ప్రశ్నకు అతీతం చేస్తే మూల్యం చెల్లించేది కాలేయమే.

ఇప్పుడు ఆ 21 శాతం దగ్గరికి వద్దాం. సుప్రీంకోర్టు 2021 జూన్ 30 తీర్పు తర్వాత కోవిడ్ మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల పరిహారం ప్రకటించారు. దానికి కోవిడ్ నిర్ధారణ అయి ఉండాలి. దగ్గు లేదు, ఆయాసం లేదు, పొట్ట ఉబ్బి మతి తప్పి ఇంట్లోనే చనిపోయిన సిర్రోసిస్ రోగికి ఎవరు పరీక్ష చేశారు? పరీక్ష లేనిదే కోవిడ్ లేదు, కోవిడ్ లేనిదే పరిహారం లేదు. ఊరు మాత్రం ‘తాగి పోయాడు’ అని తేల్చేసింది. రిజిస్ట్రీలకూ ఈ పరిమితి ఉంది. వైద్యుడి దాకా చేరినవాడే వాటిలో అంకె అవుతాడు.

బాబాసాహెబ్ కులాన్ని శ్రేణీకృత అసమానత అన్నారు. మెట్టు మెట్టుకీ ఒక తేడా. కాలేయ రోగి విషయంలో ఆ మెట్లు స్పష్టంగా కనిపిస్తాయి: చేసే పని, జబ్బు నిర్ధారణ, ఆసుపత్రి, ధ్రువపత్రం, మరణ నమోదు. ఏ ఒక్క మెట్టు దగ్గరా ఎవరూ కులం అడగలేదు. అడగకుండానే అది తన పని తాను చేసుకుపోయింది. ‘కోమార్బిడిటీ’ అన్న మాట ఈ మెట్లన్నిటినీ దాచి, లోపాన్ని రోగి ఒంట్లో పెడుతుంది. అదే రాజ్యాంగం 47వ అధికరణలో పోషణ, జీవన ప్రమాణం, ప్రజారోగ్యం, మద్య నిషేధం నాలుగింటినీ ఒకే చోట రాజ్యం బాధ్యతగా చెప్పింది. అవి వేరు వేరు సంగతులు కావని దాని అర్థం.

అందుకే డిమాండ్లు కూడా కలిపే పెట్టాలి. కాంట్రాక్టు వాళ్లతో సహా ప్రతి పారిశుద్ధ్య కార్మికుడికీ, కార్మికురాలికీ హెపటైటిస్ బి, సి పరీక్షలు, టీకా ఇవ్వాలి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం ఉచిత మందులు ఇస్తానంది కాబట్టి ఇది కొత్త వరమేమీ కాదు. జిల్లా ఆసుపత్రుల్లో కాలేయ క్లినిక్, దాని పక్కనే వ్యసన చికిత్స ఉండాలి, దానికి ఎక్సైజ్ ఆదాయం నుంచే నిధులు రావాలి. రేపు మరో మహమ్మారి వచ్చినా నీరు తీసే గది, ఎండోస్కోపీ గది మూతపడకూడదు. 2024లో తెలంగాణ కుల సర్వే చేసింది, జనగణనలో కులాన్ని లెక్కించడానికి కేంద్రం 2025లో ఒప్పుకుంది. ఆ లెక్క ఆసుపత్రి రికార్డుల్లోకి, మరణాల నమోదులోకి కూడా రావాలి.

విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనకూ ఇందులో పని ఉంది. కోవిడ్ మీద వందల పరిశోధనలు వచ్చాయి. ఒక జిల్లాను తీసుకుని, 2020, 2021లలో కాలేయ జబ్బుతో చనిపోయిన వాళ్ల ఇళ్లకు వెళ్లి, చివరి నెలలో ఏం జరిగిందో అడిగి రాసే పని ఇంకా మిగిలే ఉంది. ఆ కుటుంబాల దగ్గర చీటీలు, మందుల కవర్లు ఉంటాయి, జ్ఞాపకాలు ఉంటాయి. అవి చెరిగిపోకముందే వెళ్లాలి.