తొమ్మిదో తరగతిలో ఆట ఆపేయకండి



జూన్ వచ్చింది. కొత్త పుస్తకాలు, కొత్త యూనిఫాం, కొత్త టైంటేబుల్. ఈ నెల 11 నుంచే అమెరికా, కెనడా, మెక్సికోలలో ఫుట్‌బాల్ ప్రపంచకప్. తొలిసారి 48 జట్లు ఆడుతున్నాయి. ఆగస్టులో నెదర్లాండ్స్, బెల్జియంలలో హాకీ ప్రపంచకప్. ఇక ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ వీడియోలు మీ పిల్లల ఫోన్లలో ఏడాది పొడవునా తిరుగుతూనే ఉంటాయి.

తెలుగులో మ్యాచ్‌లకు కామెంటరీ చెప్పడం నా పని. ఈ మూడు ఆటల మీద నా అభిప్రాయం రాయమన్నారు. రాస్తున్నాను. అయితే ఏ ఆట గురించి మొదలుపెట్టినా నా మాట చివరికి తొమ్మిదో తరగతి దగ్గరికే వస్తోంది. ఎందుకో చూడండి.

హాకీ: ఒక్కడి మీద భారం

టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో మన పురుషుల జట్టు వరుసగా రెండు కాంస్యాలు తెచ్చింది. ఇలా వరుసగా పతకాలు రావడం 1968, 1972 తర్వాత ఇదే. 2025లో రాజ్‌గిర్‌లో కొరియాను 4-1తో ఓడించి ఆసియా కప్ కూడా గెలిచింది. సంతోషమే. కానీ పారిస్‌లో కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్ ఒక్కడే 10 గోల్స్ కొట్టాడు. ఒకరి మీద ఇంత భారం వేస్తే, అతనికి కలిసిరాని రోజున జట్టు చేతులెత్తేస్తుంది. ఆడుతూ ఆడుతూ కొట్టే ఫీల్డ్ గోల్స్ పెరగాలి. ప్రపంచకప్‌లో నేను గమనించబోయేది ఇదే.

అదే పారిస్‌లో బ్రిటన్‌తో క్వార్టర్‌ఫైనల్ మీలో చాలామంది చూసే ఉంటారు. రెండో క్వార్టర్‌లో డిఫెండర్ అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డ్ పడింది. మిగిలిన 40 నిమిషాలకు పైగా పదిమందే ఆడారు. 1-1తో నిలబడి షూటౌట్‌లో గెలిచారు. స్ట్రైకర్లు కూడా వెనక్కి వచ్చి కాపలా కాశారు. ఇలాంటి అలవాటు ఒక్క సీజన్‌లో రాదు. రోహిదాస్ ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లావాడు, రూర్కెలాలోని పాన్‌పోష్ స్పోర్ట్స్ హాస్టల్లో తయారైనవాడు. అలాంటి హాస్టళ్లలో చదువూ ఆటా పక్కపక్కనే సాగుతాయి. పద్నాలుగేళ్లకు ఆట ఆగదు, అప్పుడే ముదురుతుంది.

ఫుట్‌బాల్: మన బడిపంతులు

2027 ఆసియా కప్‌కు మన పురుషుల జట్టు అర్హత సాధించలేకపోయింది. సింగపూర్ చేతిలో మన గోవాలోనే ఓడింది, ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలోనూ ఓడింది. అమ్మాయిలు మాత్రం 2025 జులైలో థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదే ఓడించి 2026 ఆసియా కప్‌కు వెళ్లారు. నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతున్న సంగతి మీ పిల్లల్లో ఎంతమందికి తెలుసో ఓసారి అడగండి.

ఒకప్పుడు భారత ఫుట్‌బాల్ అంటే హైదరాబాదే. 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. మూడింటికీ కోచ్ ఒక్కరే, సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన హైదరాబాద్‌లో బడిపంతులు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. మరి ఇప్పుడు? 2022లో ఐఎస్ఎల్ టైటిల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. కోచ్‌ల మార్పులు, ఫెడరేషన్ గొడవల గురించి ఎంతైనా మాట్లాడుకోవచ్చు. నా దృష్టిలో అసలు లోటు ఒక్కటే. ఆ రోజుల్లో బడి నుంచి క్లబ్‌కు దారి ఉండేది, ఇప్పుడది మూసుకుపోయింది.

బాస్కెట్‌బాల్: చూడటమే, ఆడటం లేదు

మా దగ్గర గ్రౌండ్ ఏదండీ అనేవాళ్లకు నా జవాబు బాస్కెట్‌బాల్. 1891 చలికాలంలో అమెరికాలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు నాలుగు గోడల మధ్య ఆడుకోవడానికి కనిపెట్టిన ఆట ఇది. పీచ్ పళ్ల బుట్టలు జిమ్ బాల్కనీకి బిగించి మొదలుపెట్టాడు. పూర్తి కోర్టుకు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు చాలు. ముగ్గురేసి ఆడే 3x3కి అందులో సుమారు సగం సరిపోతుంది. మన క్యాంపస్‌లకు ఇంతకంటే అనువైన ఆట లేదు.

కానీ మనవాళ్లు ఎన్‌బీఏ జెర్సీలు కొంటున్నంతగా బంతి పట్టుకోవడం లేదు. 2025 ఆసియా కప్‌లో మన జట్టు మూడుకు మూడు మ్యాచ్‌లూ ఓడింది. ఇంకో చిక్కు, ఎత్తు. పొడుగు పెరుగుతాడని కొందరు బాస్కెట్‌బాల్‌లో చేరుస్తారు, పొట్టిగా ఉన్నాడని కొందరు మాన్పిస్తారు. ఎత్తు ఎక్కువగా వంశాన్ని, తిండిని బట్టి వస్తుంది. ఇక పొట్టివాళ్ల సంగతంటారా, 5 అడుగుల 3 అంగుళాల మగ్సీ బోగ్స్ ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు.

అసలు సంగతి

అంతర్ పాఠశాలల పోటీలకు కామెంటరీ చెప్పేటప్పుడు ఏటా ఒకటే చూస్తాను. అండర్-14లో మైదానం కిటకిటలాడుతుంది. అండర్-17కు వచ్చేసరికి ఆ ముఖాలు కనిపించవు. "ఆ లెఫ్ట్ వింగ్ కుర్రాడేడండీ?" అంటే, "నైన్త్‌కు వచ్చాడు కదా సార్, ఫౌండేషన్‌లో వేశారు" అంటారు పీఈటీ. ఆడపిల్లలైతే ఇంకా ముందే మానేస్తారు. ఎండకు నల్లబడతావనీ, పెద్దదానివయ్యావనీ ఇంట్లో అంటారు.

మీ భయం నాకు తెలుసు. ఆట అన్నం పెడుతుందా అని. నిజమే, దేశానికి ఆడేవాళ్లు చాలా కొద్దిమంది. ఐఐటీ మద్రాసు 2024-25 నుంచి క్రీడాకారులకు విడిగా సీట్లు ఇస్తోంది. అయినా జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు లేకుండా అవి రావు. కాబట్టి సీటు కోసం ఆడించమని నేను చెప్పను.

నేను అడిగేది అంతకంటే చిన్నది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాల పాటు ఓ మోస్తరు నుంచి గట్టి శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పద్నాలుగేళ్లకు ఆ లెక్క ఆగిపోదు. పైగా పరీక్షల ఒత్తిడి మొదలయ్యేదీ అప్పుడే. శనివారం 4-0తో ఓడి, సోమవారం మళ్లీ బూట్లు కట్టుకుని వచ్చిన పిల్లాడికి వీక్లీ టెస్ట్‌లో మార్కులు తగ్గితే ఏం చేయాలో కొంత తెలిసే ఉంటుంది.

మొదటి పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. తొమ్మిది, పది తరగతులకు వారానికి ఎన్ని గేమ్స్ పీరియడ్లు? సిలబస్ మిగిలినప్పుడు వాటిని వేరే సబ్జెక్టుకు వాడేస్తున్నారా? స్కూల్ జట్టులో లేని పిల్లలకు, ముఖ్యంగా అమ్మాయిలకు, ఆడుకునే వీలుందా? ర్యాంకుల గురించి మీరు గట్టిగా అడిగారు కాబట్టే స్టడీ అవర్లు పెరిగాయి. గేమ్స్ గురించి కూడా అంతే గట్టిగా అడిగితే ఏ యాజమాన్యమైనా వింటుంది.

ఇంట్లో కూడా ఒక పని చేయండి. ప్రపంచకప్ మ్యాచ్‌లు చాలావరకు మనకు అర్ధరాత్రి దాటాక వస్తాయి. పిల్లల్ని నిద్రపోనిచ్చి, పొద్దున్నే హైలైట్స్ కలిసి చూడండి. సాయంత్రం బంతి తీసుకుని కిందికి పంపండి. తిరిగొచ్చాక ఎన్ని గోల్స్ కొట్టావని కాకుండా, ఎవరితో ఆడావని అడగండి.